నాన్నకు 'మైకోటిక్ అన్యూరిజం' అంటున్నారు. జ్వరం, నడుము నొప్పితో మొదలైంది. తెలిసినవాళ్లు చెప్పండి

కిన్నెరసాని
జూన్ 11, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది పాల్వంచ. నాన్నకు 64 ఏళ్లు. షుగర్ 13 ఏళ్లుగా ఉంది. సిగరెట్లు మానేసి ఆరేళ్లయింది.

ఏప్రిల్ చివర్లో ఒక పెళ్లికి వెళ్లొచ్చాక నాన్నకు మూడు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. తర్వాత పది రోజులకు జ్వరం మొదలైంది. సాయంత్రం అయ్యేసరికి చలి, వణుకు, రెండు దుప్పట్లు కప్పినా ఆగేది కాదు. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ అన్నారు. ఐదు రోజులు ఇంజెక్షన్లు, ఆ తర్వాత మాత్రలు. జ్వరం తగ్గేది, మందు ఆపిన నాలుగు రోజులకు మళ్లీ వచ్చేది. ఇలా మూడుసార్లు జరిగింది. మధ్యలో నడుము నొప్పి తోడైంది. ఎముకల డాక్టరుకు చూపిస్తే ఎక్స్‌రే బాగానే ఉందని బెల్టు రాసిచ్చారు.

మొన్న ఆదివారం నాన్న కడుపు నొప్పిగా ఉందంటే కొబ్బరినూనె రాస్తున్నాను. బొడ్డుకు కాస్త పైన, ఎడమవైపు, నా అరచేతి కింద ఏదో కొట్టుకుంటోంది. గుండె కిందికి దిగి వచ్చి అక్కడ కూర్చున్నట్టు. చెయ్యి తీసి మళ్లీ పెట్టాను. అదే. అమ్మను పిలిచి చూడమన్నాను. అమ్మ చెయ్యి పెట్టి ఏమీ మాట్లాడలేదు.

మర్నాడే ఖమ్మంలో సి.టి. యాంజియో చేయించాం. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ఇన్‌ఫ్రారీనల్ అయోర్టాలో శాక్యులర్ అన్యూరిజం, 4.1 × 3.6 సెంటీమీటర్లు, చుట్టూ ఫ్యాట్ స్ట్రాండింగ్, మైకోటిక్ అన్యూరిజం అయ్యే అవకాశం. అంటే కడుపులోని పెద్ద ధమని ఒక పక్క సంచిలా ఉబ్బిందట, చుట్టూ ఉన్న కొవ్వులో వాపు ఉందట. నిన్న రాత్రే హైదరాబాద్ తెచ్చి అడ్మిట్ చేశాం. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను.

మైకోటిక్ అంటే ఫంగస్ అని నెట్‌లో ఉంది. ఫంగస్ ఎలా వచ్చింది? సైజు 5.5 దాటితేనే ఆపరేషన్ అని కూడా చదివాను, నాన్నది 4.1 కదా, ఆగొచ్చా? ఒక డాక్టర్ స్టెంట్ అంటున్నారు, ఇంకొకరు కోసి చెయ్యాలంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_బాబాయి
జూన్ 11, రాత్రి 11:15

బాబూ, ధైర్యంగా ఉండు. మా అన్నయ్యకు ఇదే అన్యూరిజం 6 సెంటీమీటర్లు ఉండేది. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి స్టెంట్ వేశారు, నాలుగో రోజు ఇంటికి వచ్చాడు. ఇప్పుడు పొలానికి వెళ్తున్నాడు. 4.1 అంటే చిన్నదే. నువ్వు టెన్షన్ పడకు.

విశాఖ_వాస్కులర్
జూన్ 11, రాత్రి 11:48

కిన్నెరసాని గారూ, నేను రక్తనాళాల సర్జన్‌ని. మీ నాన్నగారిని చూడకుండా వైద్యం చెప్పలేను. మీ ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పగలను. బాబాయి గారి మాటలో ప్రేమ ఉంది. కానీ ఈ రెండు జబ్బులూ ఒకటి కావు. అది ఈ రాత్రే మీకు స్పష్టంగా తెలియాలి.

మామూలు అన్యూరిజం ఏళ్ల తరబడి పెరుగుతుంది. పాత సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడి, గాలి కొట్టినప్పుడు ఉబ్బినట్టు, నాళం చుట్టూరా సాగుతుంది. అందుకే దాన్ని స్కాన్‌లతో గమనిస్తూ, మగవాళ్లలో 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ అనుకుంటాం. మీ నాన్నగారికి వచ్చినదాంట్లో బాక్టీరియా గోడను లోపలి నుంచి తినేస్తోంది. నాళానికి ఒక పక్కన బుడిపెలా వస్తుంది. చాలాసార్లు ఆ బుడిపెకు సొంత గోడే ఉండదు, చుట్టూ ఉన్న కండ, కొవ్వు మాత్రమే రక్తాన్ని ఆపుతూ ఉంటాయి. రోజుల్లో, వారాల్లో పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ 5.5 లెక్క పనికిరాదు. 4.1 చిన్నదని ఆగకండి. హాస్పిటల్ వదిలి ఎక్కడికీ వెళ్లకండి.

ఫంగస్ అన్న అనుమానం అందరికీ వస్తుంది. పేరే అలా పెట్టారు. దాదాపు ఎప్పుడూ కారణం బాక్టీరియానే.

ఇంకొక మాట. మీరు గానీ అమ్మగారు గానీ ఆ కొట్టుకునే చోట మళ్లీ మళ్లీ నొక్కి చూడకండి. హఠాత్తుగా నడుములో గానీ కడుపులో గానీ భరించలేని నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం, రక్తం కక్కుకోవడం, తారులా నల్లటి విరేచనం, వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే సిస్టర్‌ని పిలవండి. రక్తం కొద్దిగానే పడినా తేలిగ్గా తీసుకోవద్దు. అన్యూరిజం పేగుకు అంటుకుని చిల్లు పడితే మొదట కొద్దిగానే కారి ఆగుతుంది, పెద్దది తర్వాత వస్తుంది.

మైక్రో_మేడమ్
జూన్ 12, ఉదయం 6:20

మైక్రోబయాలజిస్టుగా నేను అడిగేది ఒక్కటే: బ్లడ్ కల్చర్ (రక్తంలో ఉన్న బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) తీశారా? యాంటిబయాటిక్ మొదలుపెట్టక ముందా, తర్వాతా?

కిన్నెరసాని
జూన్ 12, ఉదయం 7:05

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. రాత్రి మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. బాబాయి గారూ, మీకూ థాంక్స్.

మేడమ్, మే నెల అంతా ఒక్క కల్చర్ కూడా తీయలేదు. మేమూ అడగలేదు, అలాంటిది ఉంటుందనే తెలియదు. ఇక్కడికి వచ్చాక మూడుచోట్ల నుంచి రక్తం తీసి సీసాల్లో పంపారు. మాత్ర ఆపి అప్పటికి ఐదు రోజులైంది.

మైక్రో_మేడమ్
జూన్ 12, ఉదయం 7:40

ఐదు రోజులంటే ఆశ ఉంది. వేర్వేరు చోట్ల నుంచి తీయడం చాలా మంచి పని. పెద్దవాళ్లలో ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు కావాలి, అంత రక్తం ఎందుకని ఇంట్లోవాళ్లు గొడవపడతారు. రక్తంలో బాక్టీరియా చాలా తక్కువ సంఖ్యలో తిరుగుతుంటుంది, కొద్దిగా తీస్తే దొరకదు. అప్పటికే మందు పడి ఉంటే దొరకడం ఇంకా కష్టం. ఈ జబ్బులో కల్చర్‌లో ఏమీ పెరగని రోగులు నాలుగో వంతు నుంచి సగం వరకూ ఉంటారు. కాబట్టి నెగెటివ్ వచ్చిందని ఇన్ఫెక్షన్ లేదనుకోకండి.

వైడాల్ గురించి నాకు చాలా బాధ ఉంది, ఇక్కడ చెప్పుకుంటాను. మన ప్రాంతంలో టైఫాయిడ్ ఎక్కువ, అందువల్ల ఎంతోమంది రక్తంలో పాత యాంటీబాడీలు ముందే ఉంటాయి. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చలేం. పైగా టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా జాతిలోనే టైఫాయిడ్ కాని రకాలూ ఉన్నాయి, కోడిమాంసం, గుడ్లు సరిగ్గా ఉడకకపోతే వచ్చేవి. వాటిలో ఎంటెరైటిడిస్ అనే రకం పైపొర టైఫాయిడ్ బాక్టీరియాను పోలి ఉంటుంది. వైడాల్‌లో అదీ పాజిటివ్ చూపించగలదు. మీరు రాసిన వరుస, పెళ్లి భోజనం, విరేచనాలు, పది రోజులకు చలిజ్వరం, ఆపైన నడుము నొప్పి చదివినప్పుడు నాకు ఆ రకమే మనసులోకి వచ్చింది. కల్చర్ వచ్చేదాకా అది నా ఊహ మాత్రమే.

నెల్లూరు_నర్స్
జూన్ 12, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, నేను ఇంగ్లండ్‌లో వాస్కులర్ వార్డులో పనిచేస్తున్నాను. నువ్వు తిన్నావా లేదా? ఐసీయూ బయట కూర్చునేవాళ్లు ముందు మానేసేది తిండే. అమ్మను కూడా చూసుకో.

పనికొచ్చే మాట చెప్తాను. ఒక నోటుబుక్కు తీసుకుని మే 1 నుంచి జరిగింది తేదీలవారీగా రాయి. ఏ మందు, ఎన్ని రోజులు, జ్వరం ఎప్పుడు తగ్గి ఎప్పుడు తిరగబెట్టింది. పాత చీటీలన్నీ, ఖాళీ మందుల స్ట్రిప్పులతో సహా ఒక కవర్లో పెట్టు. రౌండ్స్‌లో డాక్టర్లు రెండు నిమిషాలు కూడా ఉండరు, ఆ నోటుబుక్కు నీ తరపున మాట్లాడుతుంది. నాన్న నడుము బెల్టు పెట్టుకోకుండా చూడు. కడుపు మీద ఒత్తిడి మంచిది కాదు.

ఆకివీడు_అబ్బాయి
జూన్ 12, సాయంత్రం 4:10

మెడికల్ స్టూడెంట్‌ని. పేరు గురించి అడిగారు కదా, చెప్పాలనిపించింది. ఈ పేరు పెట్టింది విలియం ఓస్లర్. 1885లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్‌లో ఆయన గల్‌స్టోనియన్ ఉపన్యాసాలు ఇచ్చారు. గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకి, బృహద్ధమనిలో (అయోర్టాలో) ఒకటికి మించి బుడిపెలు వచ్చి చనిపోయిన 30 ఏళ్ల యువకుడి సంగతి అందులో చెప్పారు. ఆ ఇన్ఫెక్షన్ గడ్డలు చూడటానికి కొత్తగా మొలిచిన పుట్టగొడుగుల్లా అనిపించాయట. అందుకే మైకోటిక్ అన్నారు. టీబీ బాక్టీరియాను కోక్ చూపించి అప్పటికి మూడేళ్లే అయింది, సూక్ష్మజీవుల పేర్లింకా కుదురుకోలేదు. నిజంగా ఫంగస్ వల్ల వచ్చే కేసులు ఉన్నాయి గానీ చాలా అరుదు. ఇప్పుడు చాలామంది 'ఇన్ఫెక్టెడ్ అన్యూరిజం' అనే రాస్తున్నారు. ఒక పేరు 140 ఏళ్లుగా రోగుల ఇళ్లలో భయం పెడుతోందంటే మార్చాల్సిందే అని నా అభిప్రాయం.

పాలమూరు_శ్రీను
జూన్ 12, రాత్రి 9:25

అన్నా, ఈ పేరు చూసి ఆగిపోయిన. మా చెల్లెకు ఇదే వచ్చింది, కాకపోతే మెదడులో.

చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె వాల్వు దెబ్బతిన్నది. 21 రోజులకొకసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ వేయించేవాళ్లం. మా నాయన క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేవాడు. పెళ్లయి అత్తగారింటికి పోయినాక అక్కడ క్యాలెండర్ చూసేటోళ్లు లేరు. 24 ఏళ్ల వయసులో పన్ను పీకించుకుంది, గుండె సంగతి ఆ డాక్టరుకు చెప్పలేదు. నెల రోజులు సన్నజ్వరం, నీరసం. బరువు తగ్గితే సంతోషమే అనుకున్నారు. ఒకరోజు పొద్దున తలనొప్పి అని కూలబడింది, ఎడమ చెయ్యి లేవలేదు.

గుండె వాల్వు మీద పెరిగిన ఇన్ఫెక్షన్ ముక్క ఒకటి విరిగి రక్తంలో కొట్టుకుపోయి, మెదడులో సన్నని నాళంలో ఇరుక్కుని, అక్కడ బుడిపె కట్టి పగిలిందని డాక్టర్లు చెప్పిన్రు. తొడ నుంచి సన్నని ట్యూబు మెదడు దాకా పంపి, జిగురులాంటి మందుతో ఆ నాళాన్ని మూసేసిన్రు. ఆరు వారాలు నరానికి యాంటిబయాటిక్. తర్వాత కొన్ని నెలలకు వాల్వు మార్చిన్రు. ఇప్పుడు బాగుంది, చెయ్యి కొంచెం బలహీనం, బిడ్డను ఎత్తుకుంటది. మీ నాన్న కూడా ఇంటికి వస్తడన్నా.

మైక్రో_మేడమ్
జూన్ 12, రాత్రి 10:02

శ్రీను గారూ, మీ నాన్నగారి ఎర్ర సున్నాల గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

చదివేవాళ్లలో ఇలాంటి పిల్లలున్న ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఒక తేడా చెప్పాలి. 21 రోజుల ఇంజెక్షన్ కీళ్ల జ్వరం మళ్లీ రాకుండా, వాల్వు మరింత చెడకుండా కాపాడుతుంది. పన్ను పీకినప్పుడు నోట్లోని స్ట్రెప్టోకాకస్ రక్తంలోకి దిగి వాల్వు మీద చేరకుండా ఆ ఇంజెక్షన్ ఆపలేదు. ఇంజెక్షన్ వేయించుకుంటున్నాం కదా అని పళ్ల డాక్టరుకు చెప్పకుండా ఉండకూడదు. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు, ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు పన్ను పనికి ముందు 30 నుంచి 60 నిమిషాల్లోపు యాంటిబయాటిక్ డోసు తీసుకోవాలి. మీ చెల్లెలు ఇప్పుడు ఈ రెండు రకాల్లోనూ ఉంది. దయచేసి ఆమె చేత ఒక కార్డు రాయించి పర్సులో పెట్టించండి.

విశాఖ_వాస్కులర్
జూన్ 13, ఉదయం 5:50

శ్రీను గారు రాసింది, కిన్నెరసాని గారి నాన్నగారిది ఒకే జబ్బు, దారులు వేరు. ఓస్లర్ కాలంలో ఎక్కువగా కనిపించింది గుండె నుంచి వచ్చే దారి. ఇప్పుడు నేను ఎక్కువగా చూసేది వయసు మళ్లినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో. ఆరోగ్యంగా ఉన్న నాళం లోపలి పొర అద్దంలా నున్నగా ఉంటుంది, బాక్టీరియా దాని మీద నిలవలేదు. కొవ్వు పేరుకుని గరుకైన చోట దిగుతుంది. బృహద్ధమనిలో కిడ్నీ నాళాల కింది భాగంలో ఆ గరుకు ఎక్కువ. సాల్మొనెల్లాకు ఇలాంటి గోడ అంటే ప్రత్యేకమైన మక్కువ. అందుకే 50 దాటినవాళ్లకు రక్తంలో సాల్మొనెల్లా దొరికి, జ్వరం తిరగబెడుతుంటే బృహద్ధమనిని స్కాన్ చేసి చూడాలని మేం జూనియర్లకు నేర్పుతాం. మొత్తం మీద ఎక్కువగా కనిపించేవి స్టాఫిలోకాకస్, సాల్మొనెల్లా. సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లకు గజ్జల్లో వస్తుంది, అది మూడో దారి.

స్టెంటా, ఆపరేషనా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే వాళ్లలో ఒకరికి తెలియదని కాదు. కోసి చేస్తే కుళ్లిన నాళాన్ని తీసేసి, చుట్టూ శుభ్రం చేసి, కొత్త గొట్టం కుట్టొచ్చు. మూలం పోతుంది. కానీ పెద్ద ఆపరేషన్, షుగర్, జ్వరాలతో నీరసించిన మనిషి తట్టుకోవాలి. స్టెంట్ వేస్తే ఆ రోజు ప్రాణం గట్టెక్కుతుంది, శరీరం మీద భారం తక్కువ, కానీ చీము ఉన్నచోటే కొత్త వస్తువు పెట్టినట్టవుతుంది. 2014లో యూరప్‌లోని 16 కేంద్రాలు కలిసి స్టెంట్ వేసిన 123 మంది ఫలితాలు ప్రచురించాయి. నెల రోజులకు 91 శాతం మంది బతికి ఉన్నారు, ఐదేళ్లకు 55 శాతం. మొదట్లో చనిపోకుండా స్టెంట్ బాగా కాపాడుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం తర్వాత కూడా వెంటాడగలదు. నేనైతే ఒంట్లో శక్తి ఉన్న రోగికి ఓపెన్ (కోసి చేసే ఆపరేషన్) వైపు మొగ్గుతాను. పగిలే స్థితిలో వచ్చినవాళ్లకు స్టెంట్ వేసి ప్రాణం నిలబెడతాను. మీ సర్జన్‌ను ఇలా అడగండి: "మా నాన్న గుండె, కిడ్నీలు ఓపెన్ ఆపరేషన్‌ను తట్టుకుంటాయా? ఇలాంటివి మీరు చేశారా?" అడిగితే కోపం తెచ్చుకునే సర్జన్ మీకు అక్కర్లేదు.

అనంత_ఆయుర్
జూన్ 13, ఉదయం 9:15

ఆపరేషన్ దాకా ఎందుకండీ. రక్తశుద్ధికి వేప చిగురు, తిప్పతీగ కషాయం 40 రోజులు ఇవ్వండి, లోపలి చీము కరిగిపోతుంది. మా ఊళ్లో ఒకరికి తగ్గింది.

మోడరేటర్
జూన్ 13, ఉదయం 9:40

అనంత గారూ, మీరు మంచి మనసుతోనే రాశారు, కానీ ఈ జబ్బులో 40 రోజులు ఆగితే మనిషి దక్కడు. ఈ థ్రెడ్‌లో ఆసుపత్రి వైద్యం ఆపమనే సలహాలు ఇకమీదట తొలగిస్తాను.

కిన్నెరసాని
జూన్ 14, రాత్రి 8:30

కల్చర్ వచ్చింది. మూడు సీసాల్లో రెండింట్లో సాల్మొనెల్లా ఎంటెరైటిడిస్. మేడమ్, మీరు అన్నదే.

రిపోర్ట్ కాగితం చేతిలో పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడ్డాను. నెలన్నర నుంచి పేరులేని జ్వరం అది. పేరు తెలిసినందుకు ఏడుపొచ్చింది. సెఫ్ట్రియాక్సోన్ పనిచేస్తుందట, రోజుకు 2 గ్రాములు నరానికి ఇస్తున్నారు. సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదని ఉంది. మే నెలలో ఇంట్లో వాడింది ఆ జాతి మాత్రలే.

గుండె ఎకో బాగుంది, వాల్వుల మీద ఏమీ లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3. ఓపెన్ ఆపరేషన్ అని సర్జన్ గారు నిర్ణయించారు. మీరు చెప్పిన ప్రశ్న అలాగే అడిగాను డాక్టర్ గారూ. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బుధవారం ఆపరేషన్.

విశాఖ_వాస్కులర్
జూన్ 14, రాత్రి 9:10

కుర్చీ లాక్కుని కూర్చున్నారంటే మీరు మంచి చేతుల్లో ఉన్నారు.

సిప్రో జాతి మందుల గురించి పక్కమాట ఒకటి. 2018 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. అన్యూరిజం ఉన్నవాళ్లలో, వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లలో ఈ మందులు బృహద్ధమని చీలే ముప్పును పెంచవచ్చని, వేరే దారి లేకపోతేనే వాడమని. మీ నాన్నగారి గోడను తిన్నది బాక్టీరియానే, మాత్రలు కాదు, ఆ విషయంలో ఎవరినీ నిందించుకోకండి. అన్యూరిజం ఉందని తెలిసినవాళ్లు మాత్రం ప్రతి చీటీ మీద ఈ సంగతి గుర్తు చేయాలి.

నెల్లూరు_నర్స్
జూన్ 15, ఉదయం 3:20

నైట్ డ్యూటీలో ఉన్నాను. డబ్బు సంగతి అడగలేదు గానీ మనసులో మెదులుతూనే ఉంటుందని తెలుసు. ఆరోగ్యశ్రీ ఉంటే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి గ్రాఫ్ట్ (కుట్టే కొత్త గొట్టం) ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ఇవాళే రాతలో అడుగు, ఆపరేషన్ అయ్యాక అడిగితే చిక్కు. ముఖ్యమంత్రి సహాయనిధి ఎల్ఓసీకి (ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రానికి) అర్జీ కూడా ముందే పెట్టుకోవాలి. రక్తదాతలను సిద్ధం చేసుకో.

కిన్నెరసాని
జూన్ 19, రాత్రి 11:30

నిన్న ఉదయం ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళ్లారు. సాయంత్రం నాలుగుకు సర్జన్ గారు బయటికొచ్చారు. మాస్కు కిందికి లాగాక ఆయన ముఖం చూసి అమ్మ చేతులు జోడించింది. నాన్న బతికారు.

నాళానికి ఎడమ పక్క గోడ చిరిగిపోయి ఉందట. వెన్నెముక పక్కన ఉండే కండే రక్తాన్ని ఆపిందట. ఆ కండలో కూడా కొంచెం చీము ఉంది, నడుము నొప్పి అదేనన్నమాట. ఆ ముక్కంతా తీసేసి, రిఫాంపిసిన్ అనే యాంటిబయాటిక్‌లో నానబెట్టిన గ్రాఫ్ట్ కుట్టి, దాని చుట్టూ కడుపులోని కొవ్వు పొరను కప్పారట. తీసిన ముక్కను మళ్లీ కల్చర్‌కు పంపారు. ఇప్పుడు వెంటిలేటర్ తీసేశారు. "బస్సుకు టైమైందా" అని అడిగారు నాన్న. మత్తులో ఉన్నారు.

పాలమూరు_శ్రీను
జూన్ 19, రాత్రి 11:34

అన్నా!! మా నాయనకు, చెల్లెకు ఫోన్ చేసి చెప్పిన. ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నం.

గుంటూరు_బాబాయి
జూన్ 20, ఉదయం 5:45

బాబూ, ఆ రోజు నేను తొందరపడి తేలిగ్గా చెప్పాను. నువ్వు నా మాట విని ఆగి ఉంటే ఏమయ్యేదో అని నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇకనుంచి తెలియని జబ్బు గురించి చెప్పను. మీ నాన్నకు మా ఇంట్లో అందరి నమస్కారాలు.

కిన్నెరసాని
జూన్ 20, ఉదయం 8:10

అలా అనకండి బాబాయి గారూ. ఆ రాత్రి మొదట పలకరించింది మీరే.

తణుకు_రైతు
జూన్ 24, సాయంత్రం 6:15

థ్రెడ్ అంతా చదివాను. నాకు షుగర్ ఉంది, వానాకాలం అంతా చేలో బురదలోనే. మా దగ్గర ఒకాయనకు మట్టి వల్ల వచ్చే జ్వరం అని చెప్పారు, మెలియో ఏదో పేరు. దానివల్ల కూడా ఇలా నాళం ఉబ్బుతుందా?

మైక్రో_మేడమ్
జూన్ 24, రాత్రి 8:50

ఉబ్బుతుందండీ. అది మెలియాయిడోసిస్. తడి మట్టిలో, నీళ్లలో ఉండే బర్కోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియా వల్ల వస్తుంది. రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు 1912లో దీని గురించి మొదట రాశారు. వానలు పడ్డాక, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా చూస్తాం. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు కడుతుంది, అప్పుడప్పుడు బృహద్ధమనికి చేరుతుంది. ల్యాబుల్లో దీన్ని సూడోమొనాస్ అనే వేరే బాక్టీరియా అని పొరపాటు పడటమో, పనికిరాని కలుషితం అని పారేయడమో జరుగుతుంటుంది. సెఫ్ట్రియాక్సోన్ దీనికి చాలదు, సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ వారాల పాటు నరానికి ఇచ్చి, తర్వాత నెలల తరబడి కోట్రైమోక్సజోల్ మాత్రలు వాడాలి. రైతు అని, షుగర్ ఉందని, బురదలో దిగారని జ్వరం వచ్చినప్పుడు డాక్టరుకు మీరే చెప్పండి. కాళ్లకు పుండ్లుంటే బూట్లు లేకుండా దిగకండి.

ఆకివీడు_అబ్బాయి
జూన్ 24, రాత్రి 9:30

టీబీలో కూడా ఉంది మేడమ్. ఊపిరితిత్తిలో టీబీ గుల్ల పక్కనున్న పుపుస ధమని కొమ్మ గోడ పలచబడి ఉబ్బితే రాస్ముసెన్ అన్యూరిజం అంటారు, 1868లో ఆ డెన్మార్క్ వైద్యుడు వివరించారు. పగిలితే దగ్గులో దోసెడు రక్తం పడుతుంది. అయితే టీబీ రోగులకు రక్తం పడటానికి ఎక్కువసార్లు కారణం శ్వాసనాళాలకు రక్తం తెచ్చే బ్రాంకియల్ ధమనులు, ఇది కాదు.

కిన్నెరసాని
జూలై 6, సాయంత్రం 5:00

ఇంటికి వచ్చాం. తీసిన ముక్కలో కూడా అదే సాల్మొనెల్లా పెరిగింది. చేతికి పిక్ లైన్ (వారాల పాటు నరంలో ఉంచే సన్నని ట్యూబు) పెట్టారు, ఆపరేషన్ రోజు నుంచి లెక్కపెట్టి ఆరు వారాలు ఇంజెక్షన్. పక్క వీధిలో ఉండే నర్సు అక్క రోజూ వచ్చి ఇచ్చి వెళ్తోంది. లైన్ విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

నెల్లూరు_నర్స్
జూలై 6, రాత్రి 7:45

ముట్టుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు. మూత తీయకముందు స్పిరిట్ దూదితో బాగా రుద్ది, ఆరనివ్వాలి. మందు ముందూ తర్వాతా సెలైన్‌తో కడగాలి, గట్టిగా ఉంటే బలవంతంగా తోయొద్దు. వారానికోసారి డ్రెస్సింగ్, తడిస్తే అదే రోజు. స్నానానికి చేతికి ప్లాస్టిక్ కవర్ చుట్టి టేప్ వెయ్యి. ఆ చేతికి బీపీ చూడనివ్వకు. చెయ్యి వాచినా, లైన్ దగ్గర ఎర్రబడినా, మందు ఎక్కిన గంటలో వణుకు వచ్చినా ఆలస్యం చెయ్యకు, ఆ వణుకు లైన్‌లో ఇన్ఫెక్షన్ కావచ్చు. షుగర్ రోజూ రాసిపెట్టు.

కిన్నెరసాని
డిసెంబర్ 21, ఉదయం 10:15

ఆరు నెలలైంది. నిన్న సి.టి. తీయించాం. గ్రాఫ్ట్ చుట్టూ నీరు గానీ చీము గానీ లేదు. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సి.ఆర్.పి. 3. ఇంజెక్షన్ల తర్వాత మూడు నెలలు మాత్రలు వాడారు, ఆపి నెలన్నర దాటింది, జ్వరం లేదు. ప్రతి ఏడాదీ స్కాన్ తీయించాలన్నారు, జీవితాంతం. నాన్న 9 కిలోలు తగ్గారు, నాలుగు తిరిగి వచ్చాయి. పొద్దున్నే పాల ప్యాకెట్టుకు తనే వెళ్తున్నారు.

వరంగల్_వనజ
డిసెంబర్ 23, రాత్రి 9:05

నమస్తే అండీ, కొత్తగా చేరాను. మా అత్తయ్యకు 70 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. మూడు వారాలుగా జ్వరం వచ్చి పోతోంది, వైడాల్ పాజిటివ్ అని టైఫాయిడ్ మందులు ఇచ్చారు. రెండు రోజులుగా నడుము పట్టేసిందంటున్నారు. రేపటి నుంచి మూడో కోర్సు మొదలుపెట్టమన్నారు. అనవసరంగా భయపడుతున్నానా?

కిన్నెరసాని
డిసెంబర్ 23, రాత్రి 9:08

భయపడి మంచి పని చేశారు అక్కా. మూడో కోర్సు మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ తీయించండి. రాత్రి ఆగొద్దు, నడుము నొప్పి పెరగక ముందే సి.టి. ఉన్న పెద్దాసుపత్రికి బయల్దేరండి. పాత చీటీలన్నీ కవర్లో పెట్టుకోండి. బండి ఎక్కాక ఇక్కడ రాయండి, నేను మెలకువగానే ఉంటాను.